తొక్కు జాడీ నుంచి షాంపూ సీసా దాకా: సోడియం బెంజోయేట్‌ను ఎలా గుర్తించాలి, ఎంత వాడాలి

కొల్లాపూర్ మామిడికాయ, నకిరేకల్ నిమ్మకాయ, నల్లగొండ బత్తాయి. మన దక్షిణ తెలంగాణలో ఈ మూడింటి చుట్టూ ఇప్పుడు చిన్న చిన్న వ్యాపారాలు బాగానే లేచాయి. మహిళా సంఘాలవాళ్లు తొక్కులు పెట్టి హైదరాబాద్ పంపుతున్నారు. ఇంట్లోనే స్క్వాష్ చేసి సీసాల్లో నింపి అమ్ముతున్నవాళ్లూ ఉన్నారు. వీళ్లలో చాలామంది దగ్గర ఒక తెల్ల పొడి ప్యాకెట్ ఉంటుంది. ఎంత వేయాలని అడిగితే "చెంచాడు" అంటారు. కొనేవాళ్లను అడిగితే "అదంతా కెమికల్, విషం" అంటారు. రెండు మాటలూ నన్ను బాధపెడతాయి. మొదటిది నిజంగా ప్రమాదం, రెండోది అనవసరమైన టెన్షన్.

ఆ పొడి పేరు సోడియం బెంజోయేట్. బూజు, ఈస్ట్, కొన్ని రకాల బ్యాక్టీరియా పెరగకుండా ఆపుతుంది. తొక్కుల్లో, టమాటా కెచప్‌లో, కూల్ డ్రింకుల్లో, షాంపూల్లో, ఫేస్ వాష్‌లలో, దగ్గు మందుల్లో కూడా వాడతారు. దీని మూలమైన బెంజోయిక్ ఆమ్లం దాల్చినచెక్కలో సహజంగానే ఉంటుంది. పాలు తోడుకునేటప్పుడు పెరుగులో కూడా కొద్దిగా తయారవుతుంది. మనం తిన్నది ఒంట్లో నిలవ ఉండిపోదు. కాలేయం దాన్ని గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిపి హిప్పూరిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది మూత్రంలో వెళ్లిపోతుంది. పుట్టుకతోనే రక్తంలో అమ్మోనియా పెరిగే అరుదైన జబ్బు ఉన్న పిల్లలకు డాక్టర్లు ఇదే పదార్థాన్ని మందుగా ఇస్తారు. కాబట్టి పేరు చూసి భయపడాల్సిన పని లేదు. కొలత మాత్రం చూడాలి.

ముందుగా లేబుల్ వెనక్కి తిప్పండి

ప్యాకెట్ ముందు వైపు రాసే మాటలు వదిలేయండి. వెనుక చిన్న అక్షరాల్లో పదార్థాల జాబితా ఉంటుంది. అందులో "ఐఎన్ఎస్ 211" గానీ, "ప్రిజర్వేటివ్ 211" గానీ, "క్లాస్ 2 ప్రిజర్వేటివ్" గానీ కనిపిస్తే ఆగి చదవండి. ఐఎన్ఎస్ అంటే ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ నంబరు. 211 అంటే సోడియం బెంజోయేట్. 210 బెంజోయిక్ ఆమ్లం. 202 పొటాషియం సోర్బేట్. 223, 224 సల్ఫైట్లు. ఈ నాలుగైదు నంబర్లు ఫోన్‌లో రాసి పెట్టుకుంటే కిరాణం దుకాణంలో సగం పని అయిపోయినట్టే.

మన నిబంధనల్లో ఉప్పు, చక్కెర, వెనిగర్, నూనె, తేనె, మసాలాలు క్లాస్ 1 నిలవకారులు, అంటే ప్రిజర్వేటివ్‌లు. బెంజోయేట్, సల్ఫైట్ లాంటివి క్లాస్ 2. వీటికి పరిమితి ఉంటుంది, లేబుల్ మీద చెప్పి తీరాలి.

అంగడిలో విడిగా అమ్మే తొక్కుకు లేబులే ఉండదు. అలాంటప్పుడు అమ్మేవాళ్లనే అడగండి: "పొడి ఏమన్నా కలిపారా అక్కా? ఎంత కలిపారు?" అని. కలపలేదంటే సంతోషం. తూచి కలిపామంటే అదీ మంచిదే. అంచనాగా వేశామంటే ఆ డబ్బా అక్కడే వదిలేయండి.

ఇంట్లో పిల్లల రోజు లెక్క వేయండి

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో చెప్పిన సురక్షిత పరిమితి: ఒంటి బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2021లో దాన్ని 20 మిల్లీగ్రాములకు పెంచింది. రెండూ శాస్త్రవేత్తల మాటలే. పిల్లల విషయం కాబట్టి నేను చిన్న అంకెనే పట్టుకోమంటాను.

15 కిలోల బరువున్న పిల్లవాడికి రోజుకు 75 మిల్లీగ్రాములు అన్నమాట. ఇప్పుడు లెక్క చూడండి. లీటరుకు 120 మిల్లీగ్రాములు ఉన్న కూల్ డ్రింక్ 200 మిల్లీలీటర్లు తాగితే 24 మిల్లీగ్రాములు. కెచప్‌లో పరిమితి కిలోకు 750 మిల్లీగ్రాములు. అంత నిండా వేశారనుకుంటే, పెద్ద చెంచా కెచప్‌లో, అంటే 15 గ్రాముల్లో, సుమారు 11 మిల్లీగ్రాములు. పెళ్లిలోనో పుట్టినరోజు పార్టీలోనో రెండు కూల్ డ్రింకులు తాగి, నూడుల్స్ మీద రెండు చెంచాల కెచప్ వేసుకున్న పిల్లవాడికి 70 దాకా చేరుతుంది. ఒక్క రోజు అలా అయితే కంగారు పడొద్దు, ఈ పరిమితి రోజూ జీవితాంతం తిన్నా ఫరవాలేదన్న లెక్కతో పెట్టింది. కానీ రోజూ స్కూలు నుంచి వచ్చి కూల్ డ్రింక్ తాగే అలవాటు ఉంటే ఆపాలి. దానికి బెంజోయేట్ కంటే చక్కెరే పెద్ద కారణం.

60 కిలోల పెద్దవాళ్లకు రోజుకు 300 మిల్లీగ్రాములు. తొక్కులో పరిమితి కిలోకు 250. ఆ లెక్కన పరిమితి దాటాలంటే ఒక్క రోజులో కిలోకు పైగా తొక్కు తినాలి. అంత ఎవరూ తినరు. తొక్కుతో అసలు ఇబ్బంది ఉప్పు. నూటికి 12 పాళ్లు ఉప్పున్న తొక్కు 20 గ్రాములు వేసుకుంటే దాదాపు రెండున్నర గ్రాముల ఉప్పు వెళ్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పింది 5 గ్రాముల లోపే. బీపీ ఉన్న పెద్దమనిషి 211 నంబరు గురించి భయపడుతూ, మూడు పూటలా తొక్కుతో అన్నం తింటుంటే ఆ భయం తప్పు చోట ఉన్నట్టే.

ఎవరు దూరంగా ఉండాలో తెలుసుకోండి

కొంతమందికి ఇది పడదు. దద్దుర్లు తరచూ లేచేవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు, ఆస్పిరిన్ పడనివాళ్లలో కొందరికి బెంజోయేట్ తిన్నాక దురద, దద్దుర్లు, ఆయాసం పెరగొచ్చు. కెచప్ తిన్న చిన్నపిల్లలకు మూతి చుట్టూ ఎర్రగా అయి, గంటలోపు తగ్గిపోతే అది చాలావరకు చర్మానికి తగలడం వల్ల వచ్చే మంటే. తుడిచి, నీళ్లతో కడిగితే సరిపోతుంది. పెదవులు వాచినా, శ్వాస ఆడకపోయినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పసిపిల్లలకు, ముఖ్యంగా నెల తక్కువ పుట్టినవాళ్లకు, ఈ పదార్థాన్ని మార్చి బయటికి పంపే శక్తి కాలేయానికి ఇంకా సరిగా రాదు. వాళ్లకు డాక్టర్ చెప్పని సిరప్ ఏదీ పోయొద్దు.

పిల్లల్లో అల్లరి పెరుగుతుందన్న మాట కూడా వినే ఉంటారు. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మూడేళ్ల పిల్లలకు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం ఇచ్చి చూశారు. చురుకుదనం కాస్త హద్దు మీరినట్టు కనిపించింది. రెండూ కలిపి ఇచ్చారు కాబట్టి ఏది కారణమో విడదీయలేం. ఆ తర్వాత యూరప్‌లో ఆరు రంగులకు 2010 నుంచి లేబుల్ మీద హెచ్చరిక తప్పనిసరి చేశారు, బెంజోయేట్‌కు చేయలేదు. స్కూళ్ల ముందు అమ్మే ఎర్ర, పచ్చ రంగుల డ్రింకులు పిల్లలకు ఇప్పించకపోతే రెండు అనుమానాలూ ఒకేసారి తీరతాయి.

ఎండలో పెట్టిన సీసా కొనకండి

ఈ ఒక్క విషయం మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తిస్తుంది. బెంజోయేట్, విటమిన్ సి ఒకే సీసాలో ఉండి, వేడి, వెలుతురు తగిలితే కొద్ది మోతాదులో బెంజీన్ పుట్టే అవకాశం ఉంది. బెంజోయేట్ వల్లే క్యాన్సర్ వస్తుందన్న రుజువు లేదు. బెంజీన్ మాత్రం క్యాన్సర్ కారకమని తేలిపోయింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2005 నుంచి 2007 దాకా కూల్ డ్రింకులు పరీక్షిస్తే చాలావాటిలో బెంజీన్ లేకపోవడమో, తాగునీటికి పెట్టిన పరిమితి కంటే తక్కువ ఉండడమో జరిగింది. ఎక్కువగా ఉన్న కొన్నింటిని కంపెనీలు ఫార్ములా మార్చి మళ్లీ తయారుచేశాయి.

నిమ్మ, బత్తాయి, నారింజ రుచి డ్రింకుల్లో విటమిన్ సి ఉంటుంది. పాలమూరు ఎండల్లో దుకాణం ముందు క్రేట్లలో పేర్చిన సీసాలు మధ్యాహ్నానికి ఎంత కాగుతాయో మీకు తెలుసు. లోపల నీడలో ఉన్న సీసా అడిగి తీసుకోండి. కారు డాష్‌బోర్డు మీద, బైక్ డిక్కీలో గంటల తరబడి వదిలేసింది తాగొద్దు. తేదీ దగ్గరపడింది తగ్గింపు ధరకు ఇస్తామన్నా వద్దనండి. బత్తాయి సీజన్‌లో అయితే ఈ గొడవంతా ఎందుకు? కాయ కోసి, కళ్ల ముందే పిండించుకొని తాగండి.

తొక్కు పెట్టి అమ్మేవాళ్లకు: అసలు పొడి కావాలా?

ఇంటికోసం పెట్టుకునే రెండు మూడు కిలోల తొక్కులో ఈ పొడి వేయొద్దు. అవసరం లేదు. కాయ తడి లేకుండా తుడిచి, ఎండిన జాడీలో, తగినంత ఉప్పు, కారం, ఆవపిండి వేసి, ముక్క మునిగేలా నూనె పోస్తే ఏడాది ఆగుతుంది. మన అమ్మమ్మలు అలాగే పెట్టారు. పైగా అంత చిన్న మోతాదుకు కావాల్సిన పొడి అర గ్రాము, ముప్పావు గ్రాము. మామూలు కాటా మీద అది తూగదు.

ఉప్పు తగ్గించి పెట్టేవాళ్లు, నూనె తక్కువ వేసేవాళ్లు, డబ్బాల్లో నింపి నెలల తరబడి అమ్మేవాళ్లు వాడొచ్చు. వాడేముందు పులుపు చూడాలి. బెంజోయేట్ పుల్లటి పదార్థంలోనే పనిచేస్తుంది. పులుపును పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. పీహెచ్ 3 దగ్గర ఉంటే తొంభై శాతానికి పైగా పనికొచ్చే రూపంలో ఉంటుంది. 4.2 దగ్గర సగం. 6 దగ్గర దాదాపు సున్నా. నిమ్మ, మామిడి, చింతకాయ తొక్కులకు ఇబ్బంది లేదు. పీహెచ్ పేపర్ ప్యాకెట్ ల్యాబ్ సామాన్లు అమ్మే దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తొక్కు ఊరిన రసంలో ముంచి, రంగు పట్టీతో పోల్చండి. 4 గానీ అంతకంటే తక్కువ గానీ ఉండాలి.

చికెన్, మటన్, రొయ్యల తొక్కుల సంగతి వేరు. ఇప్పుడు వీటి వ్యాపారం బాగా పెరిగింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. నిమ్మరసం సరిపడా పడకపోతే మాంసం తొక్కు పీహెచ్ 4.6 పైన ఉండిపోతుంది. అక్కడ బెంజోయేట్ ఎంత వేసినా కాపాడదు. పైగా నూనె కింద గాలి తగలని చోట బోటులిజం కలిగించే బ్యాక్టీరియా పెరగడానికి అది అనువైన స్థలం. వాసన మారకుండానే ప్రాణం మీదికి తెచ్చే విషం అది. మాంసం తొక్కు చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌కూ పీహెచ్ చూడాలి, ముక్కను మధ్యలో కోసి కూడా చూడాలి. చూడలేమంటే కొద్దిగా చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, త్వరగా అయిపోయేలా అమ్మండి.

పొడి కొనడం, తూయడం, కలపడం

ప్యాకెట్ మీద ఫుడ్ గ్రేడ్ అని, ఐఎన్ఎస్ 211 అని, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. పాలిథిన్ కవర్లో విడిగా కట్టి ఇచ్చేది ఎంత చవకైనా తీసుకోవద్దు. తెల్లటి పొడులన్నీ ఒకేలా ఉంటాయి. నిమ్మ ఉప్పు, వంట సోడా, బోరిక్ పౌడర్ ఏదైనా కావొచ్చు.

తూకానికి 0.01 గ్రాము దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొనండి. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఈ వ్యాపారం చేసేవాళ్లకు ఇంతకు మించిన పెట్టుబడి నాకైతే కనిపించదు.

కొలత ఇది: కిలో తొక్కుకు పావు గ్రాము. పది కిలోలకు రెండున్నర గ్రాములు. ఇరవై కిలోలకు ఐదు గ్రాములు. నిబంధనల్లో 250 అన్నది బెంజోయిక్ ఆమ్లం లెక్క. సోడియం బెంజోయేట్‌గా చూస్తే అది సుమారు 295 మిల్లీగ్రాములు. కాబట్టి కిలోకు 250 మిల్లీగ్రాముల పొడి వేస్తే పరిమితి లోపలే ఉంటారు, తూకంలో కాస్త అటూఇటూ అయినా దాటరు.

ఇప్పుడు "చెంచాడు" ఎందుకు ప్రమాదమో చూడండి. టీ చెంచా నిండా పొడి మూడు నాలుగు గ్రాములు తూగుతుంది. అది ఐదు కిలోల తొక్కులో పడితే కిలోకు 600 నుంచి 800 మిల్లీగ్రాములు. పరిమితికి రెండింతలు పైనే. నాలుక మీద మంటగా, కాస్త వగరుగా కూడా తెలుస్తుంది.

కలిపే పద్ధతి: తూచిన పొడిని మరిగించి చల్లార్చిన నీళ్లలో పూర్తిగా కరిగించండి. ఐదు గ్రాములకు రెండు పెద్ద చెంచాల నీళ్లు చాలు. తొక్కులో నీళ్లా అని కంగారు పడొద్దు, ఇరవై కిలోల తొక్కులో, అంత ఉప్పు మధ్య, ఆ తడి లెక్కలోకి రాదు. నేరుగా నిమ్మరసంలో పోస్తే తెల్లటి పలుకులుగా విడిపోతుంది. నూనెలో అయితే కరగనే కరగదు. అందుకే ముందు నీళ్లలో కరిగించి, ఆ నీళ్లను ఉప్పు, కారం, ఆవపిండి మిశ్రమంలో కొద్దికొద్దిగా చల్లుతూ చేత్తో బాగా కలిపి, తర్వాత ముక్కలు వేసి, చివర్లో నూనె పోయండి. సరిగా కలవకపోతే ఒక డబ్బాలో ఎక్కువ, ఇంకో డబ్బాలో ఏమీ లేకుండా పోతుంది.

పైన బూజు పట్టిన తొక్కును తీసేసి మళ్లీ పొడి చల్లి అమ్మేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. పుట్టిన బూజును ఈ పొడి బాగుచేయదు, అప్పటికే లోపలికి దిగిన విషాలను తీసేయదు. నష్టమైనా పారబోయండి.

డబ్బా మీద పదార్థాలన్నీ, తయారైన తేదీ, బ్యాచ్ నంబరు, బరువు, మీ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ నంబరు, "క్లాస్ 2 ప్రిజర్వేటివ్ (211)" అని రాయండి. ఇంట్లో చేసి అమ్మినా రిజిస్ట్రేషన్ కావాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ల ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. అప్పుడే మీ జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారిని మీరు చేసే రకానికి ఇప్పుడు నడుస్తున్న పరిమితి ఎంతో అడిగి రాసుకోండి.

నిమ్మ స్క్వాష్ చేసేవాళ్లకు

విటమిన్ సి సంగతి పైన చెప్పాను కదా, అందుకే నిమ్మ, బత్తాయి స్క్వాష్‌కు బెంజోయేట్ వద్దంటాను. పొటాషియం మెటాబైసల్ఫైట్, అందరూ కేఎంఎస్ అంటారు, అది వాడండి. కిలో స్క్వాష్‌కు 0.6 గ్రాములు, అంతకు మించొద్దు. ఇది రంగును పోగొడుతుంది కాబట్టి అల్లనేరేడు, నల్ల ద్రాక్ష స్క్వాష్‌లకు మాత్రం బెంజోయేటే నప్పుతుంది. కేఎంఎస్ ఆస్తమా ఉన్నవాళ్లకు పడకపోవచ్చు. లేబుల్ మీద సల్ఫైట్ ఉందని తప్పకుండా రాయండి.

షాంపూ, ఫేస్ వాష్, క్రీములు

వీటి మీద నంబరు ఉండదు, సోడియం బెంజోయేట్ అని పేరే ఉంటుంది. యూరప్ నిబంధనల్లో కడిగేసే వాటిలో 2.5 శాతం దాకా, ఒంటి మీద ఉంచుకునే క్రీముల్లో 0.5 శాతం దాకా అనుమతి. కడిగేసే షాంపూతో చాలామందికి ఏ ఇబ్బందీ రాదు. సున్నితమైన చర్మం ఉన్నవాళ్లు కొత్త క్రీమును ముందు మోచేతి మడత లోపల, రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి. ఎర్రబడకపోతే ముఖానికి వాడండి.

"కెమికల్స్ లేవు, ప్రిజర్వేటివ్ లేదు" అని చెప్పి అమ్మే ఇంటి కలబంద జెల్, పసుపు క్రీములను చూసి మోసపోవద్దు. నీళ్లున్న క్రీమును ఏ నిలవకారీ లేకుండా బయట ఉంచితే కొద్ది రోజుల్లో బ్యాక్టీరియా చేరుతుంది. అది కంటికి, పగిలిన చర్మానికి తగిలితే 211 కంటే ఎక్కువ హాని. అలాంటివి కావాలంటే రోజుకు సరిపడా తాజాగా తీసి వాడుకోండి.

అనుమానం వస్తే

డబ్బా పారేయకండి. బిల్లు, బ్యాచ్ నంబరు, తేదీ ఫొటో తీసి పెట్టుకోండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ టోల్ ఫ్రీ నంబరు 1800112100కు ఫోన్ చేయొచ్చు, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. షాంపూ, క్రీముల మీద అయితే డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు వెళ్లాలి.

2006 నాటి ఆహార భద్రతా చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొన్నవాళ్లు కూడా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. ఒక షరతు ఉంది: కొనేటప్పుడే దుకాణదారుడికి "దీన్ని పరీక్షకు పంపుతున్నా" అని చెప్పాలి. నిబంధనలకు విరుద్ధంగా ఉందని నివేదిక వస్తే కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు.